అక్షరాలు అప్పజెప్పి వరిపనలు తెచ్చుకున్న కుర్రాడు

స్వర్ణోత్సవ సంచికకు నచ్చిన మహనీయుడి జీవితం రాసివ్వమని కమిటీ వారు ఫోన్ చేశారు. ఇంజనీరును కాబట్టి మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి గురించో, కాటన్ దొర గురించో రాస్తానని అనుకొని ఉంటారు. వాళ్ల గురించి ఇప్పటికే మన సంచికల్లో చాలాసార్లు వచ్చింది. నేను మన దేశం వాడు కాని ఒకాయన గురించి రాస్తున్నాను. పేరు యుంగ్ వింగ్. చైనావాడు. చనిపోయి వందేళ్లు దాటింది. ఆయన కథకూ, మన హాస్టల్లో రైలుపట్టా గంట మోగగానే పళ్లేలు పట్టుకుని పరుగెత్తిన మనకూ ఏం సంబంధమో చివర చెబుతాను.

ఆయన పేరు నేను మొదట విన్నది ఒక థర్మల్ విద్యుత్ కేంద్రం కట్టే చోట. బాయిలర్ చైనా నుంచి వచ్చింది. దాన్ని బిగించడానికి వచ్చిన చైనా ఇంజనీర్లకూ మాకూ మధ్య మాటలు అటూ ఇటూ చేరవేయడానికి పాతికేళ్ల దుబాసీ కుర్రాడు ఉండేవాడు. పద్నాలుగో ఏట అతణ్ని తల్లిదండ్రులు ఇంగ్లీషు దేశంలో బోర్డింగ్ స్కూల్లో వేశారట. మొదటి ఏడాదంతా తరగతిలో నోరు విప్పలేదని, అందరూ నవ్వాక ఒక క్షణం ఆగి తానూ నవ్వేవాడినని టీ తాగుతూ చెప్పాడు. ప్రశ్న అర్థమై, జవాబు మనసులో కూర్చుకునేసరికి మాస్టారు తర్వాతి పాఠంలోకి వెళ్లిపోయేవారట. వాళ్ల ఊరు జుహాయ్. యుంగ్ వింగ్ పుట్టిన పల్లె ఇప్పుడు ఆ ఊళ్లోనే కలిసిపోయింది. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు వాళ్ల తాతయ్య ఈ యుంగ్ వింగ్ కథ చెప్పి మళ్లీ బడికి పంపించేవాడట. ఆ రాత్రి గదికి వచ్చి వెతికి చదవడం మొదలుపెట్టాను. యుంగ్ వింగ్ 1909లో ఇంగ్లీషులో అచ్చువేసిన స్వీయచరిత్ర దొరికింది. ఇక్కడ చెప్పేవాటిలో చాలా భాగం అందులోవే.

యుంగ్ వింగ్ 1828 నవంబరు 17న మకావుకు దగ్గర్లోని నామ్‌పింగ్ పల్లెలో పేద కుటుంబంలో పుట్టాడు. మకావు అప్పుడు పోర్చుగీసుల చేతిలో ఉంది. అన్నను పద్ధతి ప్రకారం చైనా బడికి పంపిన తండ్రి, ఇతణ్ని మాత్రం 1835లో, ఏడో ఏట, మకావులో గుట్స్‌లాఫ్ అనే మిషనరీ భార్య నడిపే ఇంగ్లీషు బడిలో చేర్చాడు. విదేశీ వర్తకం పెరుగుతోంది, నాలుగు ఇంగ్లీషు ముక్కలు వస్తే దుబాసీగానైనా బతుకుతాడని ఆ తండ్రి ఆశ పడి ఉంటాడని పెద్దయ్యాక ఇతనే ఊహించాడు. బడిలో అందరికంటే చిన్నవాడు. కొన్నాళ్లకే కొందరు ఆడపిల్లలను కూడగట్టుకొని పడవెక్కి పారిపోబోయి దొరికిపోయాడు. శిక్షగా నెత్తిన కాగితపు టోపీ పెట్టి బల్లమీద నిలబెట్టారు. మిగతా పిల్లలకు అల్లం రొట్టెలు, నారింజపళ్లు పంచి అతని కళ్లముందే తినమన్నారు. డెబ్బై ఏళ్లు దాటాక కూడా ఆయన ఆ నారింజపళ్లను మరిచిపోలేదు.

1839లో నల్లమందు గొడవలు ముదిరి బడి మూతపడింది. మరుసటి ఏడు తండ్రి పోయాడు. నలుగురు పిల్లల సంసారం. అన్న చేపలు పట్టేవాడు, అక్క ఇంటిపని చూసేది. ఇతను తెల్లవారుజామునే లేచి మిఠాయి అమ్మేవాడు. వరికోతల కాలం రాగానే అక్కతో కలిసి పొలాల్లో పరిగె ఏరుకునేవాడు. ఒకరోజు అక్క కోతల మేస్త్రితో మా తమ్ముడికి ఇంగ్లీషు వచ్చునని గొప్పగా చెప్పింది. ఆ ఎర్రజుట్టు వాళ్ల భాష ఎలా ఉంటుందో వినిపిస్తే పనలు ఇస్తానన్నాడు మేస్త్రి. పిల్లవాడు సిగ్గుపడి, అక్క పోరగా చివరికి ఏ, బీ, సీ, డీలు ఇరవై ఆరూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. కోతవాళ్లంతా కొడవళ్లు ఆపి విని పడీపడీ నవ్వారు. అక్కాతమ్ముళ్లు మోయలేనన్ని పనలు ఇంటికి తెచ్చుకున్నారు. ఇంగ్లీషు చదువుతో అతను సంపాదించిన మొదటి కూలి అదే. తర్వాత మకావులో ఒక అచ్చు కార్యాలయంలో కాగితాలు మడిచే పని కూడా, ఇంగ్లీషు అంకెలు గుర్తుపట్టగలడనే దొరికింది.

1841లో మోరిసన్ స్కూల్లో చేరాడు. మరుసటి ఏడు ఆ బడి హాంకాంగ్‌కు మారింది. హెడ్‌మాస్టర్ శామ్యూల్ రాబిన్స్ బ్రౌన్ అమెరికావాడు, యేల్‌లో చదివినవాడు. అక్కడ సగం పూట చైనా భాష, సగం పూట ఇంగ్లీషు చెప్పేవారు. నన్ను అడిగితే ఆ బడి చేసిన గొప్ప పని అదే.

వాళ్ల కష్టం ఎంతటిదో మనకు తెలియాలంటే వాళ్ల భాష సంగతి కొంత తెలియాలి. మనకు వచ్చాడు, వస్తాడు, వస్తున్నాడు అని క్రియ మారుతుంది. కాబట్టి ఇంగ్లీషులో కాలాలు చెబితే కష్టపడి అయినా పట్టుకుంటాం. చైనా భాషలో క్రియ రూపం మారదు. నిన్న వెళ్లు, రేపు వెళ్లు అన్నట్టు పక్కమాటను బట్టి కాలం తెలుస్తుంది. ఒకటైనా పదైనా నామవాచకం ఒకలాగే ఉంటుంది. మనకు అక్షరమాల ఉంది కాబట్టి ఇంగ్లీషు అక్షరమాల కొత్తది తప్ప వింతది కాదు. వాళ్లకు మాటకో లిపి గుర్తు, అక్షరాలు కూర్చి మాట చేయడమే కొత్త. పలుకు ఎత్తి పలికితే ఒక అర్థం, దించి పలికితే మరో అర్థం వచ్చే భాష వాళ్లది. ఇంగ్లీషులో ప్రశ్న అడిగేటప్పుడు గొంతు పైకి లేపడం కూడా వాళ్లు కొత్తగా నేర్చుకోవాలి. ఇంగ్లీషు మాటల చివర వరుసగా వచ్చే హల్లులు వాళ్ల నాలుకకు ఎక్కవు. ఇవన్నీ తెలివి తక్కువై జరిగేవి కావు. ఒక పనిముట్టుకు అలవాటుపడ్డ చెయ్యి మరో పనిముట్టు పట్టినప్పుడు తడబడుతుంది, అంతే.

1846లో బ్రౌన్ ఆరోగ్యం బాగాలేక అమెరికా తిరిగి వెళ్లాలనుకున్నాడు. తనతో రావడానికి ఇష్టమున్నవాళ్లు లేచి నిలబడమని తరగతిలో అడిగాడు. ముందు లేచినవాడు యుంగ్ వింగ్. తర్వాత వాంగ్ షింగ్, వాంగ్ ఫూన్ లేచారు. ఇంట్లో చెప్పిన రాత్రి తల్లి ఏడ్చింది, తర్వాత పంపింది. హాంకాంగ్‌లోని కొందరు పెద్దమనుషులు రెండేళ్ల ఖర్చు పెట్టుకున్నారు. పిల్లల సంపాదన పోతుంది కదా అని తల్లిదండ్రులకు కూడా ఆ రెండేళ్లూ భత్యం ఇచ్చారు. మన స్కాలర్‌షిప్ కమిటీ వారు ఈ మాట గుర్తుంచుకోవాలి. 1847 జనవరి 4న హంట్రెస్ అనే తెరచాప ఓడలో బయలుదేరి, 98 రోజుల తర్వాత, ఏప్రిల్ 12న న్యూయార్క్‌లో దిగారు. అంతకు రెండేళ్ల ముందు బడిలో న్యూయార్క్‌కు ఊహాయాత్ర అని వ్యాసం రాసినవాడు ఆ ఊరిని కళ్లారా చూశాడు.

ముగ్గురినీ మసాచుసెట్స్ రాష్ట్రంలోని మాన్సన్ అకాడమీలో చేర్చారు. బయటి ఊళ్ల పిల్లలు వచ్చి ఊళ్లో బస చేసి చదువుకునే బడి అది. బ్రౌన్ తల్లి ఇంట్లో భోజనం. మనిషికి వారానికి డాలరున్నర లోపే, ఒకటింపావు డాలరు. గది వాళ్లే ఊడ్చుకునేవారు, చలికాలంలో కట్టెలు వాళ్లే కోసుకునేవారు. ఆ ఏడు బడి మొత్తంలో చైనా పిల్లలు ఆ ముగ్గురే. ప్రిన్సిపాల్ చార్లెస్ హామండ్‌కు ఇంగ్లీషు సాహిత్యం ప్రాణం. ఆయన నీడలో యుంగ్ వింగ్ లైబ్రరీ మీద పడి షేక్‌స్పియర్, ఎడిసన్, గోల్డ్‌స్మిత్, స్కాట్, డికెన్స్ చదివాడు. వ్యాకరణం తప్పకుండా మాట్లాడడం నేర్చుకునేదాకా ఆగకుండా, ముందు కుప్పలుగా చదివేయడం అతని పద్ధతి. భాష బావిలో ఈతలాంటిది. గట్టుమీద ఎంతసేపు చేతులాడించినా రాదు.

1848లో ఒంట్లో బాగాలేక వాంగ్ షింగ్ వెనక్కి వెళ్లిపోయాడు. 1850లో వాంగ్ ఫూన్ స్కాట్లండ్ వెళ్లి ఎడిన్‌బరోలో వైద్యం చదివాడు. అప్పటినుంచి యుంగ్ వింగ్‌కు చైనా మాట మాట్లాడే తోడు లేదు. కాలేజీ చదువుకు డబ్బూ లేదు. అకాడమీ ట్రస్టీల దగ్గర నిధి ఉంది కానీ మత ప్రచారకుడిగా పనిచేస్తానని ముందే రాసివ్వాలి. తాను దేశానికి ఏ రకంగా పనికొస్తాడో ఇప్పుడే కట్టుబడలేనని అతను ఒప్పుకోలేదు. జేబులో పైసా లేని కుర్రాడు కాదన్నాడు. చివరికి జార్జియా రాష్ట్రం సవానాలోని ఒక మహిళా సంఘం వారు సాయం చేశారు.

1850లో యేల్‌లో చేరేనాటికి అతనికి వచ్చింది పదిహేను నెలల లాటిన్, పన్నెండు నెలల గ్రీకు, పది నెలల లెక్కలు. తోటి విద్యార్థులు వాటిని ఏళ్ల తరబడి చదివివచ్చినవాళ్లు. ఒక భోజన క్లబ్బుకు సరుకులు తెచ్చి, బల్లల దగ్గర వడ్డించి తన తిండి ఖర్చు గడుపుకున్నాడు. రెండో ఏడాది కాల్‌క్యులస్ అతణ్ని ముంచబోయింది. ఎంత చదివినా తలకెక్కక, ఫెయిలై ఇంటిదారి పట్టాల్సి వస్తుందని భయపడ్డాడు. ఆ ఏడాదే రెండో టర్మ్‌లోనూ మూడో టర్మ్‌లోనూ ఇంగ్లీషు వ్యాసరచనలో మొదటి బహుమతి వచ్చింది. లెక్కల మార్కులను ఇంగ్లీషు మార్కులు ఒడ్డున పడేశాయి. పొలంలో ఇరవై ఆరు అక్షరాలు అప్పజెప్పిన కుర్రాడు, ఇంగ్లీషు ఇంట్లో పుట్టిన పిల్లలను ఇంగ్లీషులో దాటిపోయాడు. 1854లో పట్టా పుచ్చుకున్నాడు. అమెరికా కాలేజీలో పట్టా పొందిన మొదటి చైనావాడు ఆయనే.

ఇక్కడితో ఆపేస్తే ఇది అందరికీ తెలిసిన విజయగాథ. నన్ను పట్టుకున్నది దీని తర్వాతి సంగతి. ఆ ఏడాది చివర్లో ఓడెక్కి 154 రోజులు ప్రయాణించి హాంకాంగ్ దగ్గరికి వచ్చాడు. ఓడను రేవులోకి నడిపించడానికి చైనా పైలట్ ఎక్కాడు. ఈ దగ్గర్లో ప్రమాదకరమైన రాళ్లేమైనా ఉన్నాయేమో అతణ్ని అడగమని కెప్టెన్ యుంగ్ వింగ్‌తో అన్నాడు. అడగబోతే మాట రాలేదు. రాళ్లకూ ఇసుకతిప్పలకూ తన భాషలో ఏమంటారో ఎంత తడుముకున్నా దొరకలేదు. చివరికి ఆ పైలట్టే ఇంగ్లీషులో మాట్లాడాడు. ఓడమీద ఉన్నవాళ్లు నవ్వారు. పద్దెనిమిదో ఏట వెళ్లినవాడు ఇరవై ఆరో ఏట తిరిగొచ్చి, సొంత ఊరి రేవులో సొంత భాష రాని మనిషిగా నిలబడ్డాడు.

మకావులో తల్లిని కలిశాడు. ఇంత చదువు చదివి తెచ్చిన పట్టాకు డబ్బెంత ఇస్తారని ఆమె అడిగింది. దాని విలువ డబ్బులో ఉండదని సర్దిచెప్పుకోవలసి వచ్చింది. అన్నకు లేని మీసం తమ్ముడికి తగదని ఆమె అంటే వెంటనే వెళ్లి గీయించుకున్నాడు. తర్వాత క్యాంటన్‌లో గది తీసుకొని దాదాపు ఆరునెలలు కూర్చొని, మాట్లాడడం, రాయడం మళ్లీ నేర్చుకున్నాడు. యేల్ పట్టభద్రుడు పసిపిల్లాడిలా మాతృభాషకు ట్యూషన్ పెట్టుకున్నాడు. ఇందులో అతను సిగ్గుపడలేదు. మళ్లీ నేర్చుకోకపోతే దేశంలో ఎవరికీ పనికిరానని తెలిసినవాడు.

షాంఘైలో కస్టమ్స్ శాఖలో అనువాదకుడి ఉద్యోగం దొరికింది. మంచి జీతం. చైనావాడు ఎప్పటికైనా పై అధికారి కాగలడా అని అడిగి, కాలేడని తెలుసుకొని నెలల్లోనే మానేశాడు. తేయాకు వ్యాపారం చేశాడు. 1863లో జెంగ్ గువోఫాన్ అనే పెద్ద పాలకుడు పిలిచి, అమెరికా వెళ్లి యంత్రాలు కొనుక్కురమ్మన్నాడు. యుంగ్ వింగ్ ఆయుధాలు చేసే యంత్రాల బదులు, యంత్రాలనే తయారుచేసే యంత్రాలు కొందామన్నాడు. ఇంజనీరుగా ఆ మాట చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మసాచుసెట్స్‌లో చేయించి తెచ్చిన ఆ యంత్రాలు షాంఘైలోని జియాంగ్నాన్ కర్మాగారానికి చేరాయి. తర్వాత అక్కడే యంత్రవిద్య నేర్పే బడి పెట్టించాడు. సాంకేతిక గ్రంథాలను చైనా భాషలోకి తెచ్చే అనువాద విభాగం కూడా ఆ కర్మాగారంలో ఏర్పడింది.

కాలేజీ రోజుల నుంచి ఆయన మనసులో ఒకటే కోరిక. తనకు దొరికిన చదువు మరికొంతమంది చైనా పిల్లలకు దొరకాలి. ప్రభుత్వాన్ని ఒప్పించడానికి ఏళ్లు పట్టింది. 1872 నుంచి 1875 వరకు ఏడాదికి 30 మంది చొప్పున 120 మంది అబ్బాయిలను అమెరికా పంపారు. చదువు పదిహేనేళ్లు అని పథకం. ముందు షాంఘైలో బడి పెట్టి ఇంగ్లీషు మొదలుపెట్టించారు. అక్కడికి వెళ్లాక అందరినీ ఒకచోట గుంపుగా ఉంచలేదు. కనెక్టికట్ నదీ లోయలోని ఇళ్లలో ఇద్దరిద్దరు చొప్పున ఉంచారు. ఇద్దరుంటే రాత్రిపూట సొంత భాషలో దిగులు చెప్పుకోవచ్చు, పగలంతా ఇంగ్లీషు తప్పదు. తాను ఒంటరిగా పడ్డ బాధ తెలిసినవాడి ఏర్పాటు అది. చైనా చదువు మరిచిపోకుండా హార్ట్‌ఫర్డ్‌లోని కేంద్రానికి వంతులవారీగా రప్పించి పాఠాలు చెప్పించారు.

పిల్లలు పడ్డ పాట్లు తక్కువేమీ కాదు. పొడుగు అంగీలు, వీపున జడ చూసి ఆడపిల్లలని వీధి పిల్లలు గేలిచేసేవారు. కొన్నేళ్లకు బేస్‌బాల్ జట్టు కట్టి అదే వీధి పిల్లలతో ఆడారు. భాష వచ్చాక వేషం, ఆట, ఆలోచన మారాయి. అక్కడే తంటా వచ్చింది. పిల్లలు చైనావాళ్లుగా మిగలరని తోటి అధికారులు పెకింగుకు ఉత్తరాలు రాశారు. మార్క్ ట్వేన్, మాజీ అధ్యక్షుడు గ్రాంట్ వంటివాళ్లు అడ్డుపడినా లాభం లేకపోయింది. 1881లో అందర్నీ వెనక్కి పిలిచేశారు. అప్పటికి కాలేజీ పట్టా చేతికొచ్చింది ఇద్దరికే. షాంఘైలో దిగిన పిల్లలను అనుమానంగా చూశారు, ఇష్టంతో పని లేకుండా తలా ఒక పనిలో పడేశారు.

ఆ ఇద్దరిలో ఒకడు ఝాన్ తియన్‌యౌ. పదకొండో ఏట మొదటి జట్టులో వెళ్లినవాడు, యేల్‌లో సివిల్ ఇంజనీరింగ్ చదివినవాడు. తిరిగొచ్చాక నౌకాదళం బడిలో వేశారు. ఏళ్ల తర్వాత గానీ రైల్వేకి రాలేదు. 1905 నుంచి 1909 వరకు బీజింగ్ నుంచి జాంగ్‌జియాకౌకు కొండల మీదుగా సుమారు 200 కిలోమీటర్ల రైలుమార్గం వేశాడు. విదేశీ ఇంజనీర్లు లేకుండా చైనావాళ్లు వేసుకున్న మార్గం అది. నిటారు కొండ దగ్గర బండిని ముందుకూ వెనక్కూ నడుపుతూ ఎక్కించే జిగ్‌జాగ్ ఏర్పాటు చేశాడు. ఆ జట్లలోని మరొకడు టాంగ్ షావోయీ 1912లో చైనా గణతంత్రానికి మొదటి ప్రధాని అయ్యాడు. తెగిపోయిన చదువులోంచి కూడా ఇంత ఫలితం వచ్చింది.

యుంగ్ వింగ్‌కు మాత్రం రెండు ఒడ్లూ నిలవలేదు. 1875లో అమెరికా అమ్మాయి మేరీ కెలాగ్‌ను పెళ్లాడాడు, ఇద్దరు కొడుకులు. 1886లో ఆమె పోయింది. చైనాలో 1898 సంస్కరణోద్యమం వైపు నిలిచి, అది కూలిపోయాక తలదాచుకోవలసి వచ్చింది. 1852లో తీసుకున్న అమెరికా పౌరసత్వం చెల్లదని ఆ 1898లోనే అమెరికా తేల్చేసింది. అయినా 1902లో ఎలాగో ఆ దేశంలో అడుగుపెట్టి చిన్నకొడుకు యేల్‌లో పట్టా తీసుకోవడం చూశాడు. 1912 ఏప్రిల్‌లో హార్ట్‌ఫర్డ్‌లో కన్నుమూశాడు. అంతకు ముందే, 1878లో, తన చైనా పుస్తకాలను యేల్‌కు ఇచ్చేశాడు. తనకు ఇంగ్లీషు నేర్పిన చోట తన భాషకు ఒక అలమర ఉండాలనుకున్నాడు.

ఇప్పుడు మన సంగతి. మా బ్యాచ్‌లో లెక్కల్లో నన్ను మించినవాడు ఒకడుండేవాడు. పేరు రాయొద్దన్నాడు, కథ రాయడానికి ఒప్పుకున్నాడు. ఇద్దరం తెలుగు మీడియంలోంచి వెళ్లి ఒకే కాలేజీలో చేరాం, ఒకే గదిలో ఉన్నాం. పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. నేను అర్థం కాకపోయినా బోర్డు మీది ప్రతి అక్షరం ఎక్కించుకుని రాత్రిళ్లు బట్టీ పట్టేవాణ్ని. వాడు అర్థం కానిది రాయనని పెన్ను కింద పెట్టేసేవాడు. ఒకసారి లేచి సందేహం అడిగాడు, వాక్యం మధ్యలో తడబడ్డాడు, తరగతి నవ్వింది. నేనూ నవ్వాను. నాకు రాదన్న సంగతి బయటపడకూడదని నవ్వాను. మొదటి ఏడాది పూర్తికాకుండానే వాడు పెట్టె సర్దుకున్నాడు. బస్టాండుకు సాగనంపడానికి వెళ్లి, ఉండిపోరా అని నేను అనలేదు. ఇన్నేళ్లలో ఎన్ని ప్రాజెక్టులు కట్టినా ఆ ఒక్క మాట కట్టలేకపోయాను. ఇవాళ వాడు మోటార్లకు వైండింగ్ చేసే షాపు నడుపుతున్నాడు. చుట్టుపక్కల ఏ పంపుసెట్ కాలినా రైతులు వాడి దగ్గరికే వస్తారు. ప్రతి కలయికకూ వస్తాడు. ఆ నవ్వు గురించి నేను ముప్పై ఏళ్లకు పైగా ఎత్తలేదు. ఈ వ్యాసం రాయడానికి ముందు వెళ్లి ఎత్తాను. వాడు చేతిలో రాగితీగ చుట్టుకుంటూనే, నువ్వు నవ్వడం తాను చూశానని చెప్పి టీ తెప్పించాడు.

కాబట్టి స్వర్ణోత్సవ నిధికి నా విరాళంతో పాటు ఒక ప్రతిపాదన. ఈ ఏడాది పదో తరగతి పరీక్షలు అయ్యాక, ఫలితాలు వచ్చేలోపు, మన బడిలోనే నలభై రోజుల తరగతులు పెడదాం. ఇంటర్ లెక్కలు, ఫిజిక్స్‌లో వచ్చే మాటలు తెలుగులో ఏమిటో ఇంగ్లీషులో ఏమిటో పక్కపక్కన పెట్టి చెబుదాం. అర్థం కాలేదు అని ఏ భాషలోనైనా లేచి చెప్పడం మొదటి రోజు పాఠం. లైబ్రరీలో చిన్న కథల పుస్తకాలు పెట్టి తప్పొప్పులు చూడకుండా కుప్పలుగా చదివిద్దాం. ఇంగ్లీషు మీడియం తమ్ముళ్లకు, చెల్లెళ్లకు వారంలో ఒకరోజు తెలుగు వ్యాసం రాయిద్దాం. రేవులో నిలబడి మాట తడుముకునే గతి వాళ్లకు రాకూడదు. నేను సెలవు పెట్టి వస్తాను. కరెంటు మోటారు పాఠం చెప్పడానికి మా వాడు ఒప్పుకున్నాడు, తెలుగులోనే చెబుతానన్నాడు. ఇంగ్లీషు మాటలు పక్కన నిలబడి నేను చెబుతాను. ఈసారి వాక్యం మధ్యలో ఆగినా ఎవరూ నవ్వకుండా చూసుకునే పూచీ నాది.

(పదో తరగతి 1986 బ్యాచ్ విద్యార్థి, ఇంజనీరు)